మిద్దెకెక్కిన విషం

పాడైపోయిన నేలను చూసి, అది మనుషులకు ఎంత ప్రమాదమో అంచనా కట్టడం నా ఉద్యోగం. బ్రహ్మవిద్యేమీ కాదు. విషం ఎక్కడుంది, ఏ దారిన కదులుతుంది, ఎవరిని చేరుతుంది? ఈ మూడూ కలిస్తేనే ప్రమాదం. ఒక్కటి తెగినా ప్రమాదం లేదని రాసేయొచ్చు. ఆ చివరి మాట మీదే బతికే ఆఫీసర్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న ఎండాకాలం చివర్లో కల్లూరు అవతల మూతబడిన ఒక షెడ్డుకు పోయాం. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన చోటు. కారిన యాసిడ్ మీద సున్నం పోసీ పోసీ నేలంతా తెల్లబారింది. చుట్టూ ముళ్ళకంచె. మా పై ఆఫీసరు కారు దిగకుండానే తేల్చేశాడు.

"కంచె ఉండాది, మనిషి లేడు, బోరు లేదు. ఎవరికమ్మా ప్రమాదం? రాసెయ్యి."

మట్టి నమూనాలు తీసుకుంటూ షెడ్డు వెనక్కి పోయాను. అక్కడ కంచె వంగిపోయి ఉంది. లోపల పారతో తవ్విన గుంతలు, ట్రాక్టరు చక్రాల జాడలు. ఎవరో మట్టి తవ్వి తోలుకుపోయారు. నేను ఆత్మకూరు దగ్గర, కట్టెలు పరిచి పైన మట్టి కప్పిన మిద్దెలో పెరిగినదాన్ని. వానలకు ముందు మిద్దె మీద చౌడుమట్టి పరచకపోతే ఇల్లంతా కారేది. తెల్లటి మంచి చౌడు ఎక్కడుందో తెలిస్తే మా అమ్మ గంప పట్టుకుని ముందు పరుగెత్తేది. ఈ నేల అచ్చం ఆ చౌడులాగే ఉంది.

నేరుగా పక్క ఊరికి పోయాను. మొదటి మిద్దె మీదే కనిపించింది ఆ మట్టి. నిచ్చెన దిగి వస్తున్న ఇంటావిడ సంబరంగా చెప్పింది.

"మంచి చౌడక్కా, ఊరికే దొరికె. ఈసారి ఒక్క సుక్క కారదు సూడు."

లోపల ఆమె కొడుకు, ఇంకా సరిగా మాటలు రాని పిల్లోడు, నేల మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కట్టెల సందుల్లోంచి సన్నటి పొడి రాలి అన్నంలో పడుతోంది. వాడు వేళ్ళు నాకుతున్నాడు. నా మూడు ప్రశ్నలకూ ఆ ఒక్క గదిలోనే జవాబు దొరికింది.

పిల్లోణ్ణి ఆ వారమే కర్నూలు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించాం. రక్తంలో సీసం ఉంది. మట్టి వెంటనే దించేయమన్నాను.

"దించి యాడ పోసేదక్కా? వాన ముంచుకొస్తాండాది. వేరే చౌడు యాడ తెచ్చేది?" అందామె.

అది సర్కారు చేయాల్సిన పని. అందుకే ఊళ్ళో మిద్దెల సంగతంతా రిపోర్టులో రాశాను. ఆఫీసరు ఆ పేజీలు తీసేయించాడు. సైటంటే కంచె లోపలేనట, మిద్దెలు మన పరిధి కాదట. "ప్రమాదం స్వల్పం" అని తనే రాసి సంతకం పెట్టుకున్నాడు. కంచే చేను మేయడమంటే ఇదే. నాకు వచ్చిన తిట్లన్నీ మనసులో తిట్టుకున్నాను, రానివి కొన్ని కొత్తగా కల్పించుకున్నాను కూడా.

మరుసటి సోమవారం ఆ పిల్లోడి తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. ఆయన టిఫిన్ డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. ఆమె కొంగుచాటు నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, డబ్బా పక్కన పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"మా మిద్దె మీద మట్టి సారూ. షెడ్డు కాడిది."

ఆయన కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఏయ్, తియ్యమ్మా! బుద్ధుండాదా? అన్నం కాడ పెడతారా? అది విషం!"

ఆమె కవరు తీయలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"మరి నా కొడుకు కాడ ఏంటికి పెట్టుకోమంటాండావు సారూ?"