మామ పెకిలించిన బండ

మా మామ పోయాడు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున నేను మగ్గం మీద ఉండగా మా బామ్మర్ది వచ్చి షెడ్డు గడపలోనే నిలబడ్డాడు. “బావా, బాపు పోయిండు” అన్నాడు. అటూ ఇటూ పోగు విసిరే నాడె నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. షెడ్డు యజమాని, మేమంతా సేటు అని పిలిచే మనిషి, కుర్చీలోంచి లేవకుండానే “పాపం, మంచోడు. వంగి వంగి పోయిండు” అన్నాడు.

వంచినవాడే ఆ మాటన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పగ మాటలెందుకని మా ఇంటామె అంటోంది. ఆమె తండ్రి గురించి పగ లేకుండా రాస్తే అది ఆయన గురించి రాసినట్టే కాదు.

రామన్నపేటలో మా పని గుంత మగ్గం మీద. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలో పెట్టి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేయాలి. గుంత కాళ్లకు సరిపోకపోతే నడుమూ భుజాలూ పోతాయి. సేటు తన షెడ్డులో నూలుకు చెమ్మ తగలొద్దని ఎనిమిది గుంతల అడుగునా మట్టి పోసి షాబాదు బండలు పరిపించాడు. లోతు జానెడు తగ్గింది. మామ పొడగరి. బట్ట చుట్టుకునే దోనెకు మోకాళ్లు తగులుతుంటే వెనక్కి జరిగి, ముందుకు వంగి, చేతులు చాచి నేసేవాడట. ఒక్క బండ తీసి తవ్వుకుంటానని అడిగితే సేటు, “బండ పగిలితే మల్ల దొరుకది. నువ్వే జర వంగు” అన్నాడట.

ఆయన పదేళ్లు వంగాడు. మొదట కుడి భుజం లేవడం మానేసింది. తర్వాత నడుము బిగుసుకుపోయి, నిలబడ్డా కూర్చున్నట్టే కనిపించేవాడు. దవాఖానలో చూసి ఇక మగ్గం జోలికి పోవద్దన్నారు. సేటు మరునాడే ఆ మగ్గం ఇంకొకరికిచ్చాడు.

పెళ్లికొడుకుగా నన్ను చూడటానికి వచ్చినప్పుడు మామ నా మొహం చూడనే లేదు. “కూసో బిడ్డా” అని అరుగు మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి పాదం దాకా జానలతో కొలిచాడు. “కాళ్లు పొడుగున్నయ్. గుంత లోతు గావాలె” అన్నాడు. సంబంధం అప్పుడే ఖాయమైంది. ఊళ్లో ఎక్కడ కొత్త మగ్గం పెట్టినా గడ్డపార పట్టుకుని ఇట్లాగే వెళ్లేవాడు. పాదం పలక మీద పూర్తిగా ఆనాలి, మోచెయ్యి దోనె ఎత్తులో ఉండాలి, భుజం పైకెత్తి నేసే పని పడొద్దు. అంతా కుదిరాక, “ఆ సేటుకు ఇంకో నడుము తక్కువైంది” అని నవ్వేవాడు. ఆయన నవ్వేది అప్పుడే.

బామ్మర్ది అప్పటికి చిన్నవాడు కావడంతో నేను ఇల్లరికం వచ్చాను. సొంత మగ్గం పెట్టుకునే తాహతు లేక ఆ షెడ్డులోనే, మామ తర్వాత వచ్చినవాడు మానేస్తే ఖాళీ అయిన మామ గుంతలోనే కూర్చున్నాను. నాలుగు రోజులు మామ నాతో మాట్లాడలేదు. ఐదో రోజు పట్టపగలు గడ్డపార ఈడ్చుకుంటూ షెడ్డులోకి వచ్చి, “లెవ్వు అల్లుడా” అన్నాడు. నేను లేచాను. ఆయన గుంతలోకి దిగి బండ కింద గడ్డపార దూర్చాడు.

“ఏం జేస్తున్నవ్? అది నా బండ” అన్నాడు సేటు.

“నా నడుము నువ్వు తీసుకున్నవ్. నీ బండ నేను తీసుకుంటున్న” అన్నాడు మామ.

బండ రెండు ముక్కలై లేచింది. సేటు మా ఇద్దర్నీ బయటికి నడవమన్నాడు. అప్పుడు తక్కిన ఏడుగురూ నాడెలు కింద పెట్టి మా వెంట బయటికొచ్చారు. పెళ్లిళ్ల కాలం, చీరలన్నీ సగంలో ఉన్నాయి. వారం తిరగకుండా సేటుకు ఎనిమిది గుంతలూ తవ్వించక తప్పలేదు.

మామకు అది చాల్లేదు. రోజూ షెడ్డుకు ఎదురింటి అరుగు మీద కూర్చునేవాడు. నడుములో నొప్పి లేచినప్పుడల్లా చేతికర్రతో రాతి మీద టకటక కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే మేం మగ్గాలు ఆపి, లేచి, చేతులు పైకి చాచి, నాలుగడుగులు వేసి కూర్చోవాలి. “ఒల్లు గట్టివడకముందే లెవ్వాలె. నా తీరు గట్టివడ్డంక ఎంత లేసినా లాభం లేదు” అనేవాడు. సేటు పళ్లు కొరికేవాడు. పరాయి అరుగు మీది మనిషిని ఏమనగలడు?

పాడె మీద ఆయన వెల్లకిలా నిలవలేదు. వీపు కింద పాత పంచెలు మడిచి పెట్టాం. సేటు దండ పంపాడు. తీసుకెళ్లి పక్కింటి బర్రె ముందు వేశాను. అది తినేదాకా నిలబడి చూశాను. తప్పే కావచ్చు, నాకు మాత్రం హాయిగా ఉండింది.

దినాలయ్యాక షెడ్డుకు పోయాను. సేటు కుర్చీ గడప దాకా జరుపుకుని, ఖాళీ అరుగు వైపు చూసి, “ఇగ కట్టె సప్పుడు లేదు. నిమ్మలంగ నేయుండ్రి” అన్నాడు. చాలాసేపు నేశాం. ఎప్పుడు లేవాలో నాకు తెలియలేదు. ఇన్నాళ్లూ ఆయన నొప్పే మాకు గడియారం. నా నడుములో ఏ నొప్పీ లేదు. ఆ సంగతి తట్టగానే కళ్లలో నీళ్లు నిండి పోగులు కనిపించలేదు. లేచి నిలబడి చేతులు పైకి చాచాను. నా వెనక ఒక్కొక్క మగ్గమే ఆగింది. చప్పుడు లేకపోయేసరికి సేటు వెనక్కి తిరిగాడు. ఎనిమిది మందిమీ నిటారుగా నిలబడి ఆయన వైపే చూస్తున్నాం.