రామలింగం డౌను

ధర్మసాగర్‌లో మా వీధికి పంచాయతీ వాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. ఊరందరికీ అది రామలింగం డౌను. బడి మూల దగ్గర ఎత్తుగా మొదలై, రామలింగం వాకిలి దాకా ఒకే ఊపున దిగిపోయే వీధి. వాలు అనే మంచి మాట తెలుగులో ఉన్నా, బండ్లు నడిపేవాళ్లకు అది ఆనదు. వాళ్లకు డౌను కావాలి. ఈ డౌనుకు పై కొసన రామలింగం ట్రాక్టరు ఉంటుంది, కింది కొసన పెళ్లాం పూలమ్మ ఉంటుంది. ఆయన సంసారమంతా ఆ రెండింటి మధ్య ఎక్కుతూ దిగుతూ గడిచింది.

ట్రాక్టరు ఒకప్పుడు ఎర్రగా ఉండేదని పెద్దలు చెప్తారు. తాళం తిప్పగానే ఇంజన్‌ను లేపే సెల్ఫ్ మోటరు, బిడ్డ దీప పుట్టిన ఏడాదే కాలిపోయింది. దీపకు ఇప్పుడు బడికి పోయే పిల్లలున్నారు. ఆనాడు రామలింగం, "రెండు దినాలు డౌన్ల పెట్టి నడిపిత్త, తర్వాత జూద్దాం" అన్నాడు. అంటే పొద్దుగూకినాక బండిని బడి మూల ఎత్తులో ఆపి, చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. తెల్లారి రాయి తీస్తే బండి దానంతటదే దిగుతుంది. సగం దూరంలో గేరేసి క్లచ్చు వదిలితే, ఇంజన్ ఎవరో తిట్టినట్టు ఉలిక్కిపడి లేస్తుంది. ఆ రెండు దినాలు ఇంకా అయిపోలేదు. వాయిదా వేసిన పనికి వయసు మీదపడితే సిద్ధాంతమవుతుందని నేను రామలింగాన్ని చూసే తెలుసుకున్నాను.

"సెల్ఫ్ అంటే ఏంది? నిద్రపోయేటోన్ని చెంపమీద కొట్టి లేపుడు. డౌను అంటే, వాడే లేత్తడు. ఇజ్జత్ తోటి లేత్తడు" అంటాడు రామలింగం.

కొత్త ట్రాక్టర్ల మీద ఆయన అభిప్రాయాలు అడగకుండానే దొరుకుతాయి. అడిగితే మరింత పొడుగ్గా దొరుకుతాయి. కొత్త ట్రాక్టరంటే చక్రాలున్న సెల్‌ఫోను. జేసీబీకి చెయ్యి ఉన్నది గానీ సిగ్గు లేదు, ఎక్కడ పడితే అక్కడ గోకుతుంది. వరికోత మిషన్ కోస్తున్నదో నములుతున్నదో దానికే తెలియదు. పొగల్లో కూడా ఆయనకు పట్టింపులున్నాయి. నల్లపొగ కోపం, నీలంపొగ ముసలితనం, తెల్లపొగ అలక. పొగే రాని బండితో మాట్లాడేదేముంటుందని ఆయన ప్రశ్న. ఒకసారి వాకిట్లో కూర్చుని డీజిల్ ఇంజన్ గొప్పతనం వివరిస్తున్నాడు.

"పెట్రోల్ ఇంజన్‌కు ప్లగ్గు నిప్పు పెట్టాలె. డీజిల్ ఇంజన్‌కు ఎవ్వలు నిప్పు పెట్టేది లేదు. లోపట గాలిని గట్టిగ వత్తుతే దానంతటదే మండుతది."

"నీ లెక్కనే" అంది పూలమ్మ, చాటలో బియ్యం చెరుగుతూ.

రామలింగం దీన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

సెల్ఫ్ లేని బండి ఉన్నవాడికి భూగోళం వేరుగా కనిపిస్తుంది. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లను రామలింగం రెండు జాతులుగా విడగొట్టాడు: బండి ఆపగలిగేవి, ఆపలేనివి. పాలకుర్తి గుట్ట దేవుడంటే ఆయనకు అపారమైన భక్తి. గుట్ట కింద మంచి డౌనుంది. హన్మకొండలో బిడ్డనిచ్చిన ఇల్లు మాత్రం క్యారంబోర్డులాగా చదునైన కాలనీలో ఉంది. అల్లుడు మంచోడు, వియ్యంకులు మంచోళ్లు, నేలే మంచిది కాదు. అందుకని రామలింగం బిడ్డ ఇంటికి పోయినప్పుడల్లా గేటు ముందు, నడుస్తున్న బండి మీదే కూర్చుని పలకరిస్తాడు.

"మంచిగున్నవా బిడ్డా?"

"ఆఁ?"

"మంచిగున్నవా అంటాన్న! కడుపునొప్పి తగ్గిందా?"

దీప ఆరోగ్యం గురించి ఆ కాలనీలో తెలియనివాళ్లు లేరు.

ఎనుమాముల మార్కెట్ యార్డు కూడా చదునే. మిర్చి తీసుకుని పోయిన రోజు వరసలో ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. వెనక బండి రైతు మొహానికి తువ్వాలు కట్టుకుని వచ్చాడు.

"ఓ పెద్దమనిషీ, జర బందు చెయ్యరాదే! మిర్చి ఘాటు సాలదా, నీ పొగ గూడ తాగాల్నా?"

"బందు చేత్తె మల్ల నువ్వు నూకుతవా?"

"నూకుడెందుకు? సెల్ఫ్ లేదా?"

ఈ ప్రశ్న అడగకూడదని పాపం ఆ రైతుకు తెలియదు. రామలింగం సమాధానం మొదలుపెట్టాడు. అది సగానికి వచ్చేసరికి వెనక రైతు వెనక్కి పోయాడు, ముందు రైతు పక్కకు జరిగాడు. మా ఊరి మిర్చి ఆ రోజు అందరికన్నా ముందు కాంటా ఎక్కింది. అభిప్రాయాల వల్ల మా ఊరికి కలిగిన లాభం ఇప్పటివరకు ఇదొక్కటే.

ఇక డౌను కింది కొస సంగతి. బండి దిగిన దారినే వాన కూడా దిగుతుంది, రామలింగం వాకిలి దగ్గర ఆగాలన్న నియమం దానికి లేదు. నేరుగా పూలమ్మ వంటింట్లోకి పోతుంది. ప్రతి వానాకాలం ఆమె పొయ్యిని పీట మీదికి, పీటను మంచం మీదికి ఎక్కిస్తుంది. పప్పు డబ్బాలు అటక మీదనే కాపురముంటాయి. పరిష్కారం అందరికీ తెలిసిందే. ఎత్తు కొంత చెక్కి, పల్లం మొరంతో నింపి, పక్కన కాల్వ తీసి నీళ్లను ఊరవతల పారే ఒర్రె దిక్కు మళ్లిస్తే సరి. అప్పుడు వంటిల్లు ఆరుతుంది, డౌను పోతుంది.

ఆ రోడ్డు రెండుసార్లు మంజూరైంది. రెండుసార్లూ రామలింగం వార్డు మెంబరు ఇంటికి పోయి, మొరం దిమ్మిస చేసే పద్ధతుల మీద, పాత రోలర్లకూ కొత్త రోలర్లకూ గల తేడాల మీద మాట్లాడుతూ కూర్చున్నాడు. మెంబరు పెళ్లాం అన్నానికి పిలిచినా లేవలేదు, పిలవకపోయినా లేవలేదు. ప్రజాప్రతినిధి ఓర్పుకు కూడా ఒక హద్దుంటుంది. రెండుసార్లూ రోడ్డు వేరే వీధికి పోయింది.

ఈ ఎండాకాలం, యాసంగి కోతల నడుమ, అడగని వాన ఒకటి వచ్చిపడింది. పూలమ్మ ఇంట్లో బియ్యం బస్తా అడుగు నుంచి సగం దాకా నానింది. ఆమె బస్తా మూతి విప్పి, పిడికెడు తడిబియ్యం తీసి రామలింగం అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూసి, ఆ పక్క మట్టి రకం బాగాలేదని ఏదో మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. గ్యాస్ పొయ్యి, సిలిండరు, గిన్నెలు, ఉప్పు, కారం ఒక్కొక్కటే మోసుకుంటూ డౌను ఎక్కింది. బడి మూల ఎత్తులో ఆపి ఉన్న ట్రాక్టరు ట్రాలీలో పొయ్యి దించి, కొంగు నడుముకు చెక్కి, చాయ్ పెట్టింది.

"ఏంది పూలమ్మా ఇది?"

"వంటిల్లు."

"ఇది బండే!"

"ఊరు మొత్తంల నీళ్లు రాని జాగ ఇదొక్కటే. నీ బండికి మంచి జాగ సూసి పెట్టుకున్నవ్ గద. నేను గూడ గాడనే ఉంట."

"పొలానికి పోవాలె, బండి తియ్యాలె."

"తియ్యి. పొయ్యి మీద కూరున్నది, జర పదిలంగ."

మూడు పూటలు పూలమ్మ ట్రాలీలోనే వండింది. బడి పిల్లలు ఆగి చూశారు. పంతులమ్మలు ఆగి రుచి చూశారు. వార్డు మెంబరు పెళ్లాం డౌను ఎక్కివచ్చి ట్రాలీ అంచు మీద కూర్చుని కూరగాయలు తరిగింది. మొరం దిమ్మిస మీద ప్రసంగాలు విన్న కసి ఆమెకూ ఉంది. ఉద్యమాలు ఇట్లాగే మొదలవుతాయని చదివాను గానీ, వాటిలో వంకాయ కూర ఇంత బాగుంటుందని ఎవరూ రాయలేదు.

మూడో పూట కింద నిలబడే తిని, చెయ్యి కడుక్కుంటూ రామలింగం అన్నాడు: "సరే. ఏసుకోండ్రి మీ రోడ్డు."

మూడోసారి మంజూరై ఆగి ఉన్న ఆ రోడ్డు పని పట్టిన కాంట్రాక్టరు సదానందం మరునాడే వచ్చాడు. మిషన్ ఉంది, కూలీలున్నారు, మొరం తోలడానికి బండే లేదు. ఊళ్లో ట్రాక్టర్లన్నీ వడ్ల కొనుగోలు సెంటర్ల ముందు వరసలో ఉన్నాయి. రామలింగం మేనల్లుడు భానుచందర్‌కు కొత్త ట్రాక్టరుంది. నీడకు టాపు, పాటలకు డబ్బా, తాళానికి గుత్తులుగా కుచ్చులు. అదీ వడ్ల దగ్గరే ఇరుక్కుంది. సదానందం తల గోక్కుని, ఊళ్లో ఖాళీగా ఉన్న ఏకైక ట్రాక్టరు వైపు చూశాడు.

"అన్నా, ఏమనుకోకు..."

"నా డౌను నేనే పూడ్సుకోవాల్నా తమ్మీ?"

"ఇంకెవ్వలున్నరన్నా? వాన మల్ల వత్తదంటాన్నరు."

రామలింగం పూలమ్మ వైపు చూశాడు. ఆమె ట్రాలీలోంచి పొయ్యి దించుతోంది. సిలిండరు మాత్రం కావాలని కొంచెం చప్పుడయ్యేలా దించింది.

తెల్లారి ఆయన రాయి తీశాడు. బండి డౌను దిగి, ఎప్పటిలాగే ఉలిక్కిపడి లేచింది. తర్వాత పొద్దంతా ఆగలేదు. ఊరి బయటి గుంత దగ్గర మొరం నింపుకోవడం, తెచ్చి తన వాకిట్లో తనే కుమ్మరించడం. ఒక్కో ట్రాలీకి డౌను కొంచెం కొంచెం చచ్చిపోయింది. సొంత సమాధికి రాళ్లు మోసే రాజులు చరిత్రలో ఉంటే ఉండవచ్చు, వాళ్లెవరూ మధ్యమధ్యలో దిగి, "ఇటు దిక్కు పల్సగ పడ్డది, మల్లొకసారి రోలర్ తిప్పు" అని ఉండరు. రామలింగం అన్నాడు. పని బాగా జరగాలన్న జబ్బు ఆయనకు ఎంత కష్టంలోనూ వదలదు.

సాయంత్రానికి వీధి పలకలా చదునైంది. కాల్వ ఒర్రె దిక్కు తిరిగింది. రామలింగం బండి తన వాకిట్లోనే నిలబడి ఉంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. బడి మూలకు పోయి ఏం లాభం? అక్కడ కూడా ఇప్పుడు లెవలే. ఆయన సీటు మీద, స్టీరింగు పట్టుకుని, ఎక్కడికో పోతున్నవాడిలా కూర్చున్నాడు.

సదానందం కూలీలను తీసుకుని పోయాడు. భానుచందర్ వచ్చాడు.

"మామా, బందు చెయ్. రేపు నా బండికి గొలుసు గట్టి గుంజుత, లేత్తది."

"నీ సెల్‌ఫోను నా బండిని గుంజుడా? నేను సచ్చినంక గుంజు."

"మరి తెల్లారెదాక గిట్లనే కూసుంటవా?"

"కూసుంట. డీజిల్ ఉన్నది."

మబ్బు మూసుకొచ్చింది. రామలింగం కదల్లేదు. వాన మొదలైంది. టాపు లేని బండి మీద ఆయన తడుస్తున్నాడు, పొగ తడుస్తున్నది, ఇంజన్ దడదడమంటూనే ఉంది. పూలమ్మ వంటింటి గడప మీద నిలబడి, అలవాటుగా కిందున్న పీట కోసం చెయ్యి చాపి, ఆగిపోయింది. నీళ్లు బడి మూల నుంచి వచ్చాయి, కాల్వలో పడ్డాయి, తిరిగాయి, పోయాయి. ఆమె గడప దాకా ఒక్క చుక్క రాలేదు.

"ఏమయ్యో!"

ఇంజన్ చప్పుడులో ఆయనకు వినబడలేదు.

ఆమె వానలోనే నడిచి బండి దగ్గరికి పోయింది. "నీళ్లు రాలే. వచ్చి సూడు."

"గీడనే కనవడుతాంది."

"గీడికెల్లి ఏం కనవడతది? లోపటికొచ్చి సూడు. అన్నం వండిన, నేలమీద కూసోని తిందాం. ఎన్నేండ్లాయె వానల నేలమీద కూసోని తిని?"

ఆయన ఆమెను చూశాడు. తడిసిన కొంగు నెత్తిన పట్టుకుని నిలబడి ఉంది. తర్వాత కాల్వను చూశాడు, తను పోసిన మొరాన్ని చూశాడు. మొరం కదల్లేదు. పని బాగానే అయింది. ఆయన చెయ్యి ముందుకు పోయి, స్టాప్ నాబ్ లాగింది.

ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగింది. మా వీధికి అంత నిశ్శబ్దం అలవాటు లేదు. పక్కింట్లో ఎవరో తలుపు తీసి, ఏమైందోనని చూశారు.

మరునాడు వీధిలో మగవాళ్లమంతా కలిసి నెట్టాం. రోడ్డు కావాలని అడిగినవాళ్లమే కాబట్టి ఇంట్లో ఉండే దారి లేదు. కొత్త మొరంలో చక్రాలు దిగబడి, బండి ఒక జానెడు కదిలి, నిలబడింది. భానుచందర్ గొలుసు భుజాన వేసుకుని, మర్యాదగా, ఏమీ అనకుండా నిలబడ్డాడు. మాట్లాడి ఉంటే రామలింగానికి కొంత బలం వచ్చేది. మేనల్లుడి బండి వెనక పెళ్లి తప్పిన పెళ్లికొడుకులా ఊరేగడమా, సెల్ఫ్ పెట్టించుకోవడమా అన్న ఘట్టంలో, ఆయన పొద్దంతా ఆలోచించి, తక్కువ అవమానం ఏదో తేల్చుకున్నాడు.

మెకానిక్కు వచ్చాడు. సెల్ఫ్ మోటరు బిగించాడు, బ్యాటరీ పెట్టాడు, తాళం చేతికిచ్చాడు. రామలింగం దాన్ని ఎవరో ఎంగిలి చేసిన చెంచాలా పట్టుకున్నాడు.

"తిప్పే, మామా" అన్నాడు భానుచందర్.

"నువ్వు తిప్పు."

"నీ బండాయె."

"నాకేం తిప్పబుద్ధి అయితలేదు."

పూలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. ఆయన చేతిలోంచి తాళం తీసుకుంది, కొంగు చెక్కింది, ట్రాక్టరెక్కి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ సీటు మీద ఆమె కూర్చోవడం అదే మొదలు. మెకానిక్కు ఎటు తిప్పాలో చూపించాడు. ఆమె తిప్పింది.

ఇంజన్ ఒక్క దెబ్బకు లేచింది.

పూలమ్మ కాసేపు ఆ తాళాన్ని, కాసేపు మొగుణ్ణి చూసింది. "గింతేనా?" అంది. "గింత దానికా నా వంటింట్ల ఇన్నేండ్లు నీళ్లు?"

"పొగ సూడు, పొగ!" రామలింగం కిందినుంచి అరుస్తున్నాడు. "తెల్లగ వత్తాంది! అది మనసుతోటి లేవలే!"

ఆమె స్టాప్ నాబ్ లాగి బండిని ఆపింది. మళ్లీ తాళం తిప్పింది.