తెలుగు కనబడని కంప్యూటర్లు

జ్యోత్స్నది నలభై ఏళ్లు దాటేదాకా కూర్చుని చేసిన పనే. చిక్కడపల్లి సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పరీక్షల గైడ్లు, ఏది వచ్చినా ఆమె కంటి కింద నుంచి పోవాల్సిందే. ఒత్తు జారినా, దీర్ఘం తప్పినా పట్టుకునేది. యజమాని కళ్లు ఆనక, నడిపేవాళ్లు లేక ప్రెస్సు మూసేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఖాళీగా ఉండి, నారాయణగూడలో ప్రేమ్‌సాగర్ అనే ఆయన తెలుగు వార్తల వెబ్‌సైటు మొదలుపెట్టాడని తెలిసి వెళ్లి అడిగింది. తెలుగు తప్పుల్లేకుండా రాసే మనిషి కావాలని ఆయనా వెతుకుతున్నాడు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, ఎండాకాలం ముందు సంగతి అది.

రెండు గదుల ఆఫీసు. జిల్లాల నుంచి విలేకర్లు ఫ్యాక్స్ పంపితే ఆమె టైపు చేసి, దిద్ది, పేజీల్లో పెట్టేది. పని బాగానే ఉంది. కష్టమల్లా చదివేవాళ్లతో వచ్చింది. తెలుగు అక్షరాలు ఇంటర్నెట్‌లో కనబడాలంటే ఆ రోజుల్లో పెద్ద చిక్కు. సైటు పేజీతోపాటు తన అక్షరాలను కూడా పంపాలి. అవతలి కంప్యూటర్లో పేజీలు తెరిచి చూపే బ్రౌజర్ వాటిని అందుకోవాలి. కొత్త బ్రౌజర్లకు ఆ విద్య వచ్చు. పాతవాటికి రాదు. పాతవాటిలో తెరిస్తే పేజీ నిండా పిచ్చిగీతలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు.

ఊళ్లో నెట్ సెంటర్లలో ఎక్కువ చోట్ల పాతవే ఉన్నాయి.

"మీరు ఒకసారి తిరిగి చెప్పి రండి జ్యోత్స్నగారూ," అన్నాడు ప్రేమ్‌సాగర్ ఒక పొద్దున, ఒక సీడీ చేతికిచ్చి. "కొత్త బ్రౌజర్ ఇందులో ఉంది. ఊరికే వస్తుంది, రూపాయి ఖర్చు లేదు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ మీకు తెలిసిన చోట్లే కదా. మీరు చెబితే వింటారు."

ఎట్లా ఎక్కించాలో ఆఫీసులోనే నేర్చుకుంది. మధ్యాహ్నం వార్తల పని అయ్యాక సీడీ సంచిలో పెట్టుకుని బయలుదేరేది. మాడు పగిలే ఎండ. మార్కెట్ దాటి చౌరస్తా చేరేసరికి చీర కుచ్చెళ్లు కాళ్లకు అంటుకుపోయేవి.

మొదట చౌరస్తా దగ్గర ఎల్లేష్ నడిపే సెంటర్‌కు వెళ్లింది. అతను పాతికేళ్లవాడు, మాటకారి. కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు, చెప్పిందంతా విన్నాడు.

"మంచిగ నడుస్తుంది కద మేడమ్. నడిచేదాన్ని ఎందుకు కెలుకుడు?"

"తెలుగు కనబడుత లేదు కద ఎల్లేష్."

"నా దగ్గరికొచ్చెటోళ్లు మెయిల్ చూస్తరు, చాటింగ్ చేస్తరు. తెలుగు ఎవలడిగిన్రు? తెలుగు గావాల్నంటే పొద్దున పేపర్ వస్తది."

నిజానికి ఎవరడిగారో ఆమెకూ తెలియదు. మళ్లీ వస్తానని లేచింది. అటు పోయినా అదే మాట, ఇటు పోయినా అదే మాట. ఒకాయన అసలు కొత్తదంటే వైరస్ అన్నాడు. ఇంకొకాయన వచ్చే పిల్లలకు ఏ బొత్తాం ఎక్కడుందో ఇప్పుడిప్పుడే అలవాటైంది, మళ్లీ మార్చి నేర్పే ఓపిక లేదన్నాడు. ప్రెస్సులో కూర్చుని తప్పులు దిద్దినప్పుడు అక్షరాలు ఎదురు మాట్లాడేవి కావు. గుమ్మం గుమ్మం తిరిగి మనుషులను ఒప్పించడం తనవల్ల కాదని ఆమెకు వారం తిరక్కుండానే అర్థమైంది. అయినా ఉద్యోగం కదా, తిరిగింది.

నారాయణగూడలో ఉప్పలయ్య అనే పెద్దమనిషి మాత్రం సరే అన్నాడు. "నీ మొకం చూసి ఎక్కిస్తున్నమ్మా," అంటూ కుర్చీ లాగాడు. ఆమె సంతోషంతో సీడీ పెట్టింది. సగం ఎక్కాక తెర నీలంగా మారి మెషిన్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెడితే అసలు లేవలేదు. మిగతా మెషిన్లకు నెట్ అందేది దాని నుంచే. లోపల ఎవరో కుర్రాడు సగం రాసిన మెయిల్ పోయింది. నలుగురు లేచి నిలబడ్డారు.

ఉప్పలయ్య గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ, "ఈ అమ్మ ఏదో జేసింది, మళ్ల రండి," అని చెబుతూ కూర్చున్నాడు. బాగుచేసే మనిషి వచ్చేదాకా ఆమె అక్కడే స్టూలు మీద తల వంచుకుని ఉండిపోయింది. వచ్చినతను చూసి, ఈ పాత మెషిన్‌కు అంత పెద్ద ప్రోగ్రామ్ మోసే శక్తి లేదని, ఎక్కించే ముందు అది చూసుకోవాలని చెప్పాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు.

"ఇగ రాకమ్మా," అన్నాడు ఉప్పలయ్య ఆమె వెళ్తుంటే. "నీది తప్పని కాదు. కాని రాకు."

మరునాడు ఆమె ప్రేమ్‌సాగర్‌తో, "నేనింక పోను సార్," అంది. ఆయన విని, నిట్టూర్చి, ఆ వారం ఊరుకున్నాడు. తర్వాత వారం, "అశోక్‌నగర్ ఒక్కటి చూసి రండి, అది అయిపోతే మానేయండి," అన్నాడు. పోను అనడానికి కూడా ఓపిక కావాలి. సంచి తీసుకుంది.

అశోక్‌నగర్ అంటే హాస్టళ్లు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చి సర్కారు కొలువు కోసం ఏళ్ల తరబడి చదివే పిల్లలు. పొద్దంతా లైబ్రరీలో, సాయంత్రం టీ బండ్ల దగ్గర కనబడతారు. ఆ సందులో అంబిక అనే ఆవిడ ఇంటి ముందుగదిలో కొన్ని మెషిన్లు పెట్టి సెంటర్ నడుపుతోంది. జ్యోత్స్న గుమ్మంలో నిలబడి చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్క, నువ్వు నారాయణగూడల మెషిన్ చెడగొట్టినవని విన్న. నాకొద్దు. ఎండల వడి వచ్చినవ్, జర కూసొని పో."

జ్యోత్స్న కూర్చుంది. నిజంగా కూర్చోవడానికే వచ్చినట్టు కూర్చుంది. కళ్లు మూసుకుంటే నిద్ర వచ్చేలా ఉంది. పక్కన ఒక యువకుడు తెర ముందు వంగి, ఒక్కొక్క గీతనూ చూస్తున్నాడు. మాసిన చొక్కా, మోచేతి కింద జనరల్ నాలెడ్జ్ పుస్తకం. తెర మీద ఉన్నది ఆమె పొద్దున దిద్ది పెట్టిన పేజీయే. నిండా టోపీలు, డాలర్లు.

అతను ఆమె చూపు గమనించి సిగ్గుపడ్డాడు. "అక్క, నీకు కంప్యూటర్ వచ్చా? ఇది ఏం భాష?"

"ఎందుకు తమ్మి?"

"హాస్టల్ల ఒకాయన చెప్పిండు, ఇందుల మన జిల్లా వార్తలు వస్తయని. నేను వారం వారం వస్తున్న. ఇది కంప్యూటర్ భాష అనుకుంట. వచ్చినోళ్లకు సమజైతది కావొచ్చు. నాకు రాదు. నేర్చుకుందామంటే ఏ పుస్తకంల ఉంటదో తెల్వది."

అతని పేరు నగేష్. పాలమూరు జిల్లాలో మక్తల్ దగ్గర పల్లె. డిగ్రీ తెలుగు మీడియంలో చదివాడు. ఈ ఊరు వచ్చాక ఎక్కడికి పోయినా ఏదో ఒకటి రాకపోవడం అలవాటై, ఇదీ రానిదే అనుకుని ఊరుకున్నాడు. ఎవరినైనా అడిగితే నవ్వుతారని భయం.

జ్యోత్స్నకు ఎవరడిగారు తెలుగు అని ఎల్లేష్ అన్నది గుర్తొచ్చింది. అడగాలని కూడా తెలియనివాళ్లు ఇలా తెరల ముందు కూర్చుని వెళ్లిపోతున్నారన్నమాట.

"అది తెలుగే తమ్మి," అంది.

అతను ఆమె ముఖం వంక, తెర వంక చూశాడు. నమ్మలేదు.

"నేనే రాసిన. పొద్దున. తెలుగే."

అంబిక లోపలి నుంచి వచ్చి నిలబడింది. జ్యోత్స్న ఆవిడ వైపు తిరిగి, ఈసారి ఒప్పించే మాటలేవీ వెతుక్కోకుండా చెప్పింది. "అమ్మా, నారాయణగూడల నా తప్పే. మెషిన్ మోస్తదా లేదా చూడకుండ ఎక్కించిన. నీ మెషిన్లు ముందు చూస్త. మోయదంటే ముట్టను. మోస్తే ఒక్కదాంట్ల పెడుత. పాతది తియ్యను, అదీ ఉంటది. నచ్చకపోతే పాతదే వాడుకోండి."

అంబిక నగేష్‌ను చూసింది. వారం వారం వచ్చి ఆ గీతల ముందు కూర్చుని పోయే పిల్లాడిని ఆవిడా చూస్తూనే ఉంది, ఏం చదువుతున్నాడో అడగలేదు. "గా గోడ పక్కది కొత్తది," అంది చివరికి. "గదాంట్ల చూడు."

అన్నీ చూస్తే నిజంగానే అది ఒక్కటే మోయగలిగేది. సీడీ పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. మెషిన్ ఆగింది, లేచింది. ఫోన్ లైను కలవడానికి ఇంకొంత సేపు. పేజీ మొదట పాత గీతలతోనే వచ్చింది. నగేష్ ముఖం వాడిపోయింది. అంతలో పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసే తెలుగులోకి మారుతూ వచ్చింది.

అతను పైకే చదివాడు, చిన్నపిల్లలు చదివినట్టు. "మక్తల్ మండలంలో ఎండిన బోర్లు. పశువులను సంతకు తోలుతున్న రైతులు." తర్వాత మెల్లగా చదవడం ఆపి, లోలోపల చదువుకున్నాడు. వాళ్ల పక్క ఊరి పేరు ఉందట అందులో. మంచి వార్త కాదు. అయినా అతను కిందిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఇన్ని దినాలు నాకే రాదనుకున్న," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

జ్యోత్స్న ఆ రోజు ఆఫీసుకు తిరిగి వెళ్లింది. మామూలుగా అయితే నేరుగా ఇంటికి పోయేది. ప్రేమ్‌సాగర్ ఎదురుగా కూర్చుని, "సార్, నేను తిరిగితే అయ్యే పని కాదిది," అంది. "చూసెటోళ్లకు అది తెలుగని తెలియాలె. పేజీ పైన ఒక మాట పెడదాం."

"పెట్టినా ఆ మాట కూడా గీతల్లాగే కనబడుతుంది కదండీ."

"బొమ్మగా పెడదాం. బొమ్మలు పాతవాటిల్లో కూడా వస్తయి కద. చేత్తో రాసి స్కాన్ చేస్త."

బొమ్మ పెడితే పేజీ బరువెక్కి ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటుందని ఆయన భయం. రెండు మూడు రోజులు నాన్చాడు. చివరికి చిన్నదైతే సరే అన్నాడు. ఏం రాయాలో మాత్రం పోట్లాట అయింది. "ఈ సైటు చూడటానికి ఆధునిక బ్రౌజర్ అవసరం" అని ఆయన రాసిచ్చాడు. ఆమె ప్రూఫు దిద్దినట్టు దాన్ని కొట్టేసి, కింద ఇలా రాసింది: "ఇది తెలుగే. అక్షరాలు కనబడకపోతే తప్పు మీది కాదు. ఇక్కడున్న బ్రౌజర్ పాతది. సెంటర్ వాళ్లను కొత్తది అడగండి." కింద ఆఫీసు ఫోన్ నంబరు.

ఆయన చాలాసేపు చూసి, "తప్పు మీది కాదు అనడం ఎందుకు?" అన్నాడు.

"ఉండాలె సార్," అంటూ కాగితం స్కానర్‌లో పెట్టింది.

అద్భుతమేమీ జరగలేదు. వర్షాలు పడేదాకా ఫోన్ మోగింది తక్కువే. తర్వాత ఒకటీ అరా మొదలయ్యాయి. అంబిక సెంటర్‌లో గోడ పక్క మెషిన్ కోసం హాస్టల్ పిల్లలు వరుసలో కూర్చుంటున్నారని, రెండోది కొనాలా అని ఆవిడే అడిగింది. ఎల్లేష్ ఫోన్ చేసి, "మేడమ్, పోరలు సతాయిస్తున్నరు, తెలుగు తెలుగు అని. జర వచ్చి చూడరాదుండ్రి," అన్నాడు. ఉప్పలయ్య మాత్రం చేయలేదు. ఆయన సెంటర్ ముందు నుంచి పోవాల్సి వస్తే ఆమె అప్పటికీ రోడ్డు దాటి అవతలి వైపు నడిచేది.

దసరా పోయాక ప్రేమ్‌సాగర్ ఇంకో సీడీ తెచ్చాడు. అక్షరాలు ఇంకా బాగా వస్తాయట, దానికి ఇంకా కొత్త బ్రౌజర్ కావాలట. ఆమె తీసుకుని చూసి బల్ల మీద పెట్టింది.

"ఇది వచ్చినా పాత పేజీ కూడా ఉంచాలె సార్. ఇప్పుడిప్పుడే చదువుకుంటున్నరు. మళ్ల గీతలు కనబడితే ఈసారి తిరిగి రారు."

ఆయన ఉంచుతానన్నాడు. అప్పుడు సీడీ సంచిలో వేసుకుంది. ఎల్లేష్ సెంటర్‌కు నడిచి వెళ్లి, మెషిన్లు ఒక్కొక్కటే చూసి, ఏది మోస్తుందో ఏది మోయదో అతనికి చెప్పింది. మోసేదాంట్లో సీడీ పెట్టి, కుర్చీకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. అది ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. ఎల్లేష్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.