జాజికాయ చేసిన ఒకే ఒక్క కల్తీ

ఆ వీధిలో ఆయన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. అందరికీ జాజికాయే. మసాలా దినుసుల కొట్టు, యాభై మూడేళ్ళ వయసు, ముందుకు తోసుకొచ్చిన పొట్ట ఉన్నాయి కానీ పెళ్ళి మాత్రం లేదు. కొట్టు వెనక గదిలో ఆయన స్వయంగా నూరే పొడి ఒకటుంది. బాదం, జాజికాయ, కుంకుమపువ్వు, ఎండు ఖర్జూరం, ఇంకా నాలుగైదు దినుసులు. పాలలో కలుపుకుని తాగితే చల్లారిన కాపురాలు రాజుకుంటాయని వీధి నమ్మకం. నిజమో కాదో దేవుడికెరుక. తాగినవాళ్ళు మాత్రం మళ్ళీ వచ్చేవాళ్ళు, కొందరైతే నెల తిరక్కుండానే, అటూ ఇటూ చూసుకుంటూ.

అమ్మడానికి ఆయనకో పద్ధతి ఉంది. "ఎవరికి? వయసెంత? మనిషి ఎలాంటివాడు?" అని అడగందే కొలవడు. ముప్ఫై లోపు వాళ్ళకి జాజికాయ తక్కువ, అరవై దాటితే బాదం ఎక్కువ. అందువల్ల వీధిలో ఏ ఇంటి మంచం సంగతేమిటో ఆయనకు కంఠతా వచ్చు. అయినా ఒక్కరి గుట్టూ పెదవి దాటనివ్వలేదు. గుట్టు విప్పడు, కల్తీ చేయడు. ముప్ఫై ఏళ్ళ పరువంతా ఆ రెండింటి మీదే నిలబడి ఉంది.

మరి తనకెందుకు పెళ్ళి కాలేదంటే, సంబంధాలు రాక కాదు. ఈయన అమ్మేదేమిటో తెలియగానే ఆడపిల్లల తండ్రులు చెప్పులు వెతుక్కునేవాళ్ళు. ఇంత సరుకు చేతిలో ఉన్నవాడు ఒక్కదానితో ఆగుతాడా అని వాళ్ళ భయం. పాపం, ఆయన ఆ ఒక్కదాని దాకా కూడా పోలేదు.

"దీపం కింద చీకటంటే నువ్వేరా," అనేది కొట్లో పొట్లాలు కట్టే ఆయన అక్క. "ఊరందరి ఇళ్ళలో ఉయ్యాలలు ఊగించావు. నీకేమో దగ్గు మిగిలింది."

దగ్గుతో పాటు ఇంకో బాధ కూడా ఉంది. ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆవిడ. మొగుడూ వద్దు, వాడి ఇంటిపేరూ వద్దనుకుని, ఎనిమిదేళ్ళ కిందట పెట్టెడు పనిముట్లతో వచ్చి అక్కడ కూర్చుంది. కంటికి భూతద్దం బిగించి తల వంచిందంటే పక్కన పిడుగు పడినా ఎత్తదు. సాయంత్రం నాలుగింటికి మాత్రం లేచి, కాఫీ కాచి, ఒక గ్లాసు తెచ్చి ఈయన బల్ల మీద పెడుతుంది. ఆ కాఫీకి మిషన్ నూనె వాసన. మొక్కకు పోస్తే మొక్క చస్తుందని అక్క అభిప్రాయం. జాజికాయ ఏనాడూ చుక్క మిగల్చలేదు. ఆవిడంటే ఆయనకు ప్రాణం. చెప్పడానికే నోరు రాలేదు.

ఒకనాడు ఆవిడ ఉత్త చేతులతో వచ్చింది.

"ఆ పొడి ఒక పొట్లం ఇవ్వండి."

జాజికాయ చేతిలోని తక్కెడ కింద పెట్టేశాడు. నోరు మాత్రం అలవాటు కొద్దీ అడిగింది. "ఎవరికి?"

"ఒక మగమనిషికి."

"వయసెంత?"

"యాభై దాటింది."

"ఎలాంటివాడు?"

"మొద్దు," అందావిడ.

ఆయన వెనక గదిలోకి పోయి గోడకు ఆనుకున్నాడు. కడుపు భగ్గున మండింది. ఎవడా మొద్దు? వాడి పొయ్యి నేను రాజేయాలా? ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన చెయ్యి గడ్డి తింది. వేయించిన గోధుమపిండిలో చిటికెడు పసుపు కలిపి పొట్లం కట్టాడు. "రోజుకో చెంచా," అని సిగ్గులేకుండా చెప్పి మరీ ఇచ్చాడు.

తర్వాత వారమంతా ఆయన కాఫీ అడుగున ముద్దలు తగిలాయి. ఆ మొద్దు ధ్యాసలో పడి ఈవిడ కాఫీ కాచడం కూడా మర్చిపోతోందని ఆయనకు ఏడుపొచ్చింది. ముద్దలు కూడా నమిలి మింగాడు.

ఎనిమిదో రోజు కాఫీ రాలేదు. ఆవిడ వచ్చి, సగం ఖాళీ అయిన పొట్లం బల్ల మీద పడేసింది. కొట్లో అక్కతో పాటు ఇద్దరు బేరగాళ్ళున్నారు.

"ఏడు రోజులు కలిపి పోశాను. ఆ మనిషిలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. శుభ్రంగా తాగడం, దగ్గడం, 'బాగుందండీ' అనడం. మీ సరుకు మంచిదని లోకమంతా అంటోంది కాబట్టి తప్పు నాదే. ఆయనకి నేనంటే ఇష్టం లేదు. నెలాఖరుకి కొట్టు ఎత్తేస్తున్నాను."

ముందు అక్కకు అర్థమైంది. కడుతున్న పొట్లం వదిలేసి తమ్ముడి మొహంలోకి చూసింది. తర్వాత జాజికాయకు తెలిసొచ్చింది, గ్లాసూ ముద్దలూ మొద్దూ అన్నీ ఒక్కసారే.

కుడితిలో పడ్డ ఎలుకయింది ఆయన పని. నిజం చెబితే ముప్ఫై ఏళ్ళ పరువు ఈ ఇద్దరి నోళ్ళలో పడి పొద్దుగుంకేలోగా వీధి చివరికి చేరుతుంది. చెప్పకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది.

"అది కల్తీదండీ," అన్నాడు. "ఉత్త గోధుమపిండి. ఎవడికో పోస్తున్నారనుకుని, కడుపుమంట కొద్దీ నేనే కట్టిచ్చాను."

బేరగాళ్ళలో ఒకడు తన పొట్లం విప్పి వాసన చూసుకున్నాడు.

ఆవిడ భూతద్దం నుదుటి మీదికి తోసుకుంది. "వారం రోజులు పిండి తాగి, మీకు తెలియనే లేదా?"

"మీ కాఫీ ఎప్పుడూ బాగోదండీ. కొత్తగా తెలియడానికేముంది?"

అక్క తల పట్టుకుంది. ఇన్నేళ్ళకు నోరు విప్పాడనుకుంటే ఈ మాటా అనడం!

ఆవిడ మాత్రం ఆయన్ని కొత్తగా చూసింది. "బాగోకపోయినా ఎనిమిదేళ్ళు చుక్క మిగల్చకుండా తాగారా?"

"తాగానండీ."

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. "అయితే రేపట్నుంచి కాఫీ మీరే పెట్టండి. పొడీ గిడీ వద్దు."

రేపటిదాకా ఆగడం జాజికాయ వల్ల కాలేదు. అప్పుడే లేచి వెళ్ళి స్టవ్వు వెలిగించాడు.