వంటింటి గట్టు మీద బందీనయ్యాను

పోయిన చలికాలం, విదేశంలో మేముండే జాన్సన్‌విల్‌లో, మా ఇంట్లో జరిగిందిది. పొద్దున వంట చేస్తుంటే మా పిల్లి బతికున్న ఎలుకను నోట కరుచుకొచ్చి నా ముందు వదిలింది. నేను హడలిపోయి స్టవ్ పక్కన గట్టు మీదికి ఎక్కేశాను. ఎలుక నెత్తురోడుతూ, మూత్రం పోస్తూ నేలంతా తిరిగింది. పిల్లేమో మెచ్చుకోమన్నట్టు నా వంక చూస్తోంది!

ఎలుక మూత్రం తగిలితే చర్మం పగుళ్లలోంచి జబ్బు లోపలికి పోతుందని పిల్లిని చూసే డాక్టరు అంతకుముందే చెప్పింది. చలికి నా మడమలు రెండూ పగిలి ఉన్నాయి. చెప్పులు, మనందరి ఇళ్లలో లాగే, గుమ్మం బయట. ఇక దిగేదెలా?

చేతిలో ఫోనుంది కాబట్టి పక్కింటి సుజాత ఆంటీని పిలిచాను. ఆవిడ పరుగున వచ్చి, అలవాటు ప్రకారం గుమ్మంలో బూట్లు విప్పబోయింది.

"విప్పొద్దాంటీ! బూట్లతోనే రండి!" అని అరిచాను.

"దేవుడి పటాలుండే వంటింట్లోకి బూట్లతో ఎట్లొచ్చేదమ్మా?"

"మీ మడమలూ పగిలున్నాయి కదాంటీ! జబ్బు అంటుకుంటుంది!"

ఆవిడ పటాల వైపు తిరిగి చెంపలేసుకుని, బూట్లతోనే లోపలికొచ్చి ఎలుక మీద బకెట్ బోర్లించింది. తర్వాత నా చెప్పులు తెచ్చి అందించింది.

అదృష్టం, ఇద్దరికీ ఏ జబ్బూ రాలేదు. కానీ బయటుండాల్సిన చెప్పులూ, బయట తిరిగే పిల్లీ, రెండూ ఇప్పుడు మా ఇంట్లోపలే ఉంటున్నాయి.