రికార్డు మీద కుంకుమ బొట్టు

ఈ రోజు ఆయుధ పూజ. కొత్తగూడలోని మా ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ నుంచి మిక్సీ దాకా అన్నిటికీ బొట్లు పెట్టే పని, మా ఇంట్లో పనిచేసే లక్ష్మమ్మకు అప్పజెప్పాను.

సాయంత్రం నాన్నగారు రికార్డు ప్లేయర్ ఆన్ చేసి కళ్లు మూసుకున్నారు. అది డెబ్బైల్లో, కాలేజీ రోజుల్లో ఆయన కొన్న పొడుగాటి పాటలకు పేరుపడ్డ ఓ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ హిట్ పాటల రికార్డు. దాన్ని నన్ను కూడా ముట్టుకోనివ్వరు.

తిరుగుతున్న రికార్డు మీద ఎర్రగా ఏదో కనిపించింది. తడి కుంకుమ! ముల్లు దాని మీదికి వెళ్లిందంటే అంతే సంగతులు.

"లక్ష్మమ్మా, దీనికెవరు పెట్టమన్నారు?" అని అరుస్తూ, ఒక్క ఉదుటున ముల్లు ఎత్తబోయాను. చెయ్యి జారింది. ముల్లు రికార్డు మీద కర్రుమని గీసుకుపోయింది.

లక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ముల్లు పోయే జాగల పెట్టలే సారూ, నడుమ కాయితం మీద పెట్టిన," అంది లక్ష్మమ్మ మెల్లగా. "మా నాయన గీ ఊళ్లనే పెండ్లిళ్లకు మైకుసెట్టు పెడుతుండె. గంత ఎర్కలేదా నాకు?"

నాన్నగారు రికార్డును వెలుతురులో తిప్పి చూశారు. కొత్త గీత తళుక్కుమంది. బొట్టు చెక్కుచెదరలేదు.

"బొట్టు నేను చూశాకే ఆన్ చేశాను," అన్నారు. "ఈ పాట అసలు ఇరవై నిమిషాలురా. ఈ హిట్స్ రికార్డులో పట్టించడానికి కంపెనీ వాళ్లు కోసి ఆరు నిమిషాలు చేశారు. మిగిలింది నువ్వు కోశావు."

రేపటి నుంచి రికార్డు లక్ష్మమ్మే పెడుతుందట. మీరే చెప్పండి, సారీ ముందు ఎవరికి చెప్పాలి?