కోత పండుగలో నాన్న కొన్న పాట

మొన్న స్కూల్లో లీజరు పీరియడ్‌లో సోషల్ టీచరు తన ఫోను నా ముందు పెట్టి, "ఈవిడ మీ మేనత్తగారే కదండీ?" అంది. చూశాను. బెంగుళూరులో ఏదో చిన్న హాలు. స్టూలు మీద మా అత్త కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, నలిగిన నేత చీర, ఒళ్ళో గిటారు. అప్పుడే పాట అయిపోయినట్టుంది, చప్పట్లు కొడుతున్నారు. ఇంకొకటి పాడమని ఎవరో అరిచారు. అత్త నీళ్ళు తాగి, "అన్నిటికన్నా మంచి పాట ఒకటుందండి. కానీ అది నా దగ్గర లేదు. మా అన్నయ్య కొనేసుకున్నాడు. ఎప్పుడైనా తిరిగిస్తే పాడతాను" అంది. హాలంతా గొల్లున నవ్వింది. సోషల్ టీచరు కూడా నవ్వి, "భలే జోకులేస్తారండీ మీ అత్తగారు" అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే అది జోకు కాదు. ఆ అన్నయ్య మా నాన్న. పాలకొల్లులో, మా చర్చిలో, అందరూ చూస్తుండగా వేలంలో ఆ పాట కొన్నారు. అప్పుడు నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను.

మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. పొలం ఉన్నవాళ్ళు వడ్లు తెస్తారు. లేనివాళ్ళు పెరట్లో కాసిందో, చేత్తో చేసిందో తెస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు, మా వీధి చివరి టైలరు కుట్టిన దిండు గలీబులు, అన్నీ బల్ల మీదికి చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం మొదలవుతుంది. కొన్నవాళ్ళు ఊరుకోరు, కొన్నదాన్ని మళ్ళీ కానుకగా ఇచ్చేస్తారు. దాన్ని మళ్ళీ వేలం పాడతారు. ఒకే పుంజు మూడు చేతులు మారి, చివరికి ఎవరింటికి వెళ్ళాలో దానికే తెలియక కళ్ళు తేలేసేది. కానీ ఒక నియమం మాత్రం గట్టిది. దేవుడి ఎదుట కొన్నది కొన్నవాడిదే. వాడు కోసుకు తింటాడో, పెంచుకుంటాడో, తిరిగిస్తాడో, ఎవరూ అడగకూడదు.

అత్త నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. నాన్న మిషను స్కూల్లో మాస్టారు, చర్చిలో హార్మోనియం ఆయనదే. అత్తకి పెళ్ళి కుదరలేదు, కుదర్చనివ్వలేదు అంటే నిజం. రాజమండ్రిలో ఒక క్యాసెట్ల షాపులో పనికి కుదిరి, వారం వారం బస్సెక్కి ఇంటికొచ్చేది. ఒకసారి సరుకులో పొరపాటున ఒక ఇంగ్లీషు క్యాసెట్ వచ్చిందట. ఎవరో ముసలాయన, గొంతులో ఇసక పోసుకున్నట్టు పాడుతున్నాడట. అత్త అది విని ఇంటికొచ్చి, "అన్నయ్యా, ఈ తాత మనమ్మ నాట్ల పాటలు పాడుతున్నాడేంటి, ఇంగ్లీషులో?" అంది. మా నాయనమ్మ ఊడ్పుల్లో ముందు వరసలో వంగి పాడిన మనిషి. అత్త ఆ చేలగట్ల మీద కూర్చునే పెరిగింది. అంతే, చర్చి సామాన్ల గదిలో మెడ విరిగి పడున్న గిటారు ఒకటి పాస్టరు అయ్యగారినడిగి తెచ్చుకుని, సైకిలు షాపు వాడిచేత మరలు బిగించుకుని, సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టింది. ఆ తాత పాడేది బ్లూస్ అట, అమెరికాలో నల్లవాళ్ళ పాటలు. అంటే ఏంటని నాన్న అడిగితే, "ఏడుపే అన్నయ్యా, కాకపోతే తాళంలో ఉంటుంది" అనేది. ఆ పాటల్లో మొదటి లైను రెండుసార్లు వస్తుంది, మూడో లైనులో అసలు సంగతి పడుతుంది. నాన్నకి అదే చిరాకు. "ఒకసారి చెబితే వినపడదా మాకు? చెవుడా?" అనేవారు.

అసలు సంగతి మా అమ్మ. నాన్న పోస్టుకి అప్రూవల్ రాక జీతం ఆగిపోయిన రోజుల్లో అమ్మ కువైట్ వెళ్ళింది. మా వైపు నుంచి బోలెడంత మంది ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళు, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. అక్కడ ఒకరింట్లో పాచిపని, అంట్లు, బట్టలు, వాళ్ళ ముసలావిడకి నీళ్ళు పోయడం. కానీ హార్మోనియం వాయించే మాస్టారి భార్య ఇంకొకరింట అంట్లు తోముతుందని ఎలా చెప్పుకుంటారు? నాన్న చర్చిలో "ఆస్పత్రిలో నర్సుగా వెళ్ళిందండి" అని చెప్పేశారు. మమ్మల్నీ అలాగే చెప్పమన్నారు. అమ్మ చదివింది ఏడో తరగతి. నర్సు చదువు ఎప్పుడు చదివిందని ఒక్కరూ అడగలేదు. నమ్మారనే అనుకున్నాం. రెండేళ్ళకి అమ్మ సెలవుకొచ్చింది. అత్త అమ్మకి గోరింటాకు పెడదామని చేయి పట్టుకుని, తిప్పి చూసి, పెట్టకుండానే లేచి వెళ్ళిపోయింది. అమ్మ అరచేతులు నున్నగా, తెల్లగా అరిగిపోయి ఉన్నాయి. అమ్మ మళ్ళీ కువైట్ వెళ్ళాక, అత్త షాపుకి సెలవు పెట్టి, వారం రోజుల పాటు వంటింటి గోడకి ఆనుకుని ఒకే పాట వాయిస్తూ పాడింది. గోడకి ఇవతల నాన్న అన్నం తింటూ విన్నారు. నేనూ విన్నాను.

ఆ ఏడు కోత పండుగకి అత్త గిటారు పట్టుకొచ్చింది. వేలం పాడే పెద్దాయన, "నువ్వేం తెచ్చావమ్మా?" అన్నారు. "పాట తెచ్చానండి. మా వదిన మీద కట్టాను." "పాటకి వేలమేంటమ్మా, పాడేసెయ్యి." "అందరివీ కొనుక్కుని నాది ఊరికే వినేద్దామనేంటండీ?" అంది అత్త. అందరూ నవ్వారు. ఆవిడకి అదే మొదటిసారి నలుగురి ముందు పాడటం. ఎంత సంబరంగా ఉందో మొహం. పెద్దాయన సరదాగా వేలం మొదలుపెట్టారు. రైసు మిల్లు వాళ్ళబ్బాయి ఒక ధర చెప్పాడు. వెంటనే నాన్న చెయ్యెత్తారు. అతను పెంచాడు, నాన్న పెంచారు. జనం నవ్వు ఆపి చూడటం మొదలుపెట్టారు. చివరికి నాన్న లేచి వెళ్ళి, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. "నాదే కదా? నేను ఇంటికెళ్ళి వింటాను" అన్నారు నాన్న. చెల్లెలంటే ఎంత ప్రేమోనని జనం చప్పట్లు కొట్టారు. అత్త గిటారు మెడ పట్టుకుంది. "సరే అన్నయ్యా, నీదే" అని దిగిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుచించుకుపోతుంది.

ఆ తర్వాత అత్త కోత పండుగకి రాలేదు. షాపు మానేసి హైదరాబాదు, అక్కణ్ణుంచి బెంగుళూరు చేరింది. పగలు అపార్టుమెంట్లలో పిల్లలకి గిటారు నేర్పేది, సాయంత్రాలు కాఫీ హోటళ్ళలో పాడేది. పెళ్ళి విందుల్లో పాడమంటే, "తింటూ వినేవాళ్ళకి నా పాట అరగదండీ" అనేది. ఏ కంపెనీ ఆవిడ పాటలు వెయ్యలేదు. తనే వేసుకుంది. మొదటి క్యాసెట్ సామర్లకోట స్టేషను దగ్గర ఒక స్నేహితురాలి గదిలో రికార్డు చేసింది. నడుమ నడుమ రైలు కూతలు పడ్డాయి. అవి తీసెయ్యమంటే, "కూత కూడా శ్రుతిలోనే ఉంది కదా, ఉండనీ" అంది. తర్వాత సీడీలు, ఇప్పుడు ఫోనుల్లో. ఒకసారి పెద్ద స్టూడియో ఉన్నాయన ఎవరో పిలిచి, ఆల్బమ్ మొత్తం చేద్దాం, మీరు ప్రతిచోటా చెప్పే ఆ కొనేసిన పాట కూడా ఇవ్వాలి, అది లేకపోతే వద్దు అన్నాడట. అది అన్నయ్యది, నేనివ్వలేను అని వచ్చేసింది. ఈ సంగతి నాకు చెప్పిన రోజున, "పిచ్చా అత్తా నీకు? ఎవరొచ్చి పట్టుకుంటారు?" అన్నాను. "దేవుడి ముందు అమ్మిందేనే. నా పాటకి అంతకన్నా మంచి ధర ఇంకెవడిస్తాడు?" అని నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

అమ్మ ఐదేళ్ళకి తిరిగొచ్చేసింది. వచ్చేసరికి ఊరంతటికీ ఆవిడ 'సిస్టరు గారు'. వచ్చిన మూడో రోజునే ఎవరో జ్వరం పిల్లాణ్ణి ఎత్తుకొచ్చారు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న గోడ వైపు చూశారు. ఇంజక్షన్లు మానేశానని ఏదో సర్దిచెప్పి పంపింది పాపం. ఆ వారమే నాన్న తణుకు వెళ్ళి బీపీ మిషను కొనుక్కొచ్చారు. గొట్టం చెవిలో పెట్టుకోవడం, రబ్బరు బుడ్డి నొక్కడం కాంపౌండరు దగ్గర నేర్చుకుని, అమ్మకి నేర్పించారు. అప్పట్నుంచి మా అరుగు మీద రోజూ సాయంత్రం బీపీ చూడటమే. రేషను మిషను మీద అమ్మ వేలిముద్ర పడదు. "ఆస్పత్రి మందులకి అరిగిపోయాయండి" అని నాన్న డీలరుకి చెప్పేవారు. అమ్మ పక్కనే నిలబడి చీర చెంగుకి వేళ్ళు తుడుచుకునేది. పాట సంగతి ఒకసారి అడిగిందట. "ఏదో దేవుడి పాటలే" అన్నారట.

సోషల్ టీచరు పంపిన వీడియో పట్టుకుని ఆ శనివారమే పాలకొల్లు వెళ్ళాను. అమ్మ అరుగు మీద ఎదురింటి పిన్నిగారి చేతికి పట్టీ చుట్టి బుడ్డి నొక్కుతోంది. ఫోను చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు. అత్త మాట విని అమ్మ చెవుల్లోంచి గొట్టం తీసేసింది.

"ఏవండీ, అది దేవుడి పాటన్నారు కదా?"

నాన్న పేపరు మడిచారు. "నీ గురించి" అన్నారు, నేలకేసి చూస్తూ.

"నా గురించిన పాట నన్నడక్కుండా మీరు కొనుక్కున్నారా?"

అమ్మ పిన్నిగారి చేతికున్న పట్టీ ఊడదీసి, మిషను డబ్బాలో సర్ది, మూత వేసింది. ఆ తర్వాత ఎవరొచ్చినా, "ఇవాళ కాదమ్మా" అనేది. నాన్నతో మాట్లాడటం మానలేదు. ఉప్పు సరిపోయిందా, మందు వేసుకున్నారా, అన్నీ అడిగేది. కానీ అరుగు మీదికొచ్చి కూర్చోవడం మానేసింది. అది చూడలేకపోయారు నాన్న. పండుగ దగ్గర పడుతుండగా నాకు ఫోను చేసి, "అత్తని రమ్మను. నేనడిగానని చెప్పు" అన్నారు. అత్త, "అన్నయ్య అడిగితే రాను. వదిన రమ్మంటే వస్తాను" అంది. అమ్మ ఫోను లాక్కుని, "నేనే రమ్మంటున్నా, తగలడు" అంది.

ఈ ఏడు కోత పండుగకి నాన్న చేతులూపుకుంటూ వెళ్ళారు. తన వంతు వచ్చాక లేచి నిలబడ్డారు. ఒక చేత్తో కుర్చీ పట్టుకున్నారు. "నా దగ్గర ఒక పాట ఉందండి. చాలా కాలం కిందట ఇక్కడే కొన్నాను. ఎవరూ వినకూడదని కొన్నాను. తిరిగి ఇచ్చేస్తున్నాను" అన్నారు. ఆయన గొంతు అంత సన్నబడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. వేలం పాడేవారు ఏం చెయ్యాలో తోచక అయ్యగారి వైపు చూశారు. ఈలోపు అమ్మ ముందుకెళ్ళి, బీపీ మిషను డబ్బా బల్ల మీద పెట్టి, "ఇది ఇస్తాను" అంది. ఇంకెవరూ పెంచలేదు. మూడోసారి అన్నాక అమ్మ వెనక్కి తిరిగి అత్తని పిలిచింది. "పాడు పిల్లా. ఇంటికి తీసుకెళ్ళను. ఇక్కడే పాడు."

అత్త పాడింది. ఇన్నేళ్ళకి ఆవిడ గొంతులో కూడా ఆ క్యాసెట్ తాత ఇసక చేరింది.

*మా వదిన చేతులు చూశారా, గీతల్లేవు, రాతల్లేవు,*
*మా వదిన చేతులు చూశారా, గీతల్లేవు, రాతల్లేవు,*
*ఏ ఇంటి సబ్బు తినేసిందో, మా ఇంట్లో అడిగినోళ్ళు లేరు.*

ఆ మూడో లైను దగ్గర నాన్న తల వంచేశారు. నేనూ వంచేశాను. తలెత్తేసరికి ఆడవాళ్ళ వైపు బెంచీల్లో నలుగురైదుగురు తమ అరచేతులు చూసుకుంటున్నారు. వాళ్ళూ గల్ఫు వెళ్ళొచ్చినవాళ్ళే. పాట అయ్యాక చప్పట్లు కొట్టలేదు ఎవరూ. అమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుని, "ఆ ముసలావిడకి నీళ్ళు పోసేదాన్ని, అది పెట్టలేదేంటే ఇందులో?" అని అత్తని దెబ్బలాడింది. అత్త ఆవిడ భుజం మీద పడి ఏడ్చేసింది.

ఆ సాయంత్రం మేమంతా ముందు గదిలో మొహమొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. ఇక ఊళ్ళో ఎలా తలెత్తుకు తిరగాలి అన్న చింత నాన్న మొహంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. గేటు చప్పుడైంది. ఎదురింటి పిన్నిగారు. చంకలో మా బీపీ మిషను డబ్బా. మేం వచ్చేశాక దాన్నీ వేలం వేస్తే ఆవిడే కొన్నదట. డబ్బా అమ్మ ముందు పెట్టి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, అరుగు మీద చతికిలబడింది.

"సిస్టరు గారూ, కాస్త చూడండి. పొద్దుట్నుంచి కళ్ళు తిరుగుతున్నాయి."

"నేను నర్సుని కాదు పిన్నిగారూ. పాట విన్నారుగా" అంది అమ్మ.

"ఆ పాట వింటే గానీ తెలియదా ఏంటండీ? మా అక్క కువైట్లో మీ పక్కింట్లోనే పనిచేసేది. మీరు సెలవుకి రాకముందే ఉత్తరం రాసింది. మాస్టారు బాధపడతారని ఎవరం ఏమీ అనలేదు. ముందు చెయ్యి పట్టుకోండి."

అమ్మ వచ్చి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని, పట్టీ చుట్టింది. నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఊరికి తెలియకూడదని మేం దాచింది ఊరికి ఎప్పుడో తెలుసు. వినాల్సిన ఒక్క మనిషికి ఆ పాట వినిపించడానికే మాకు ఇన్నేళ్ళు పట్టింది.